జంషెడ్‌పూరా, గచ్చిబౌలా, ఐసెట్టా?

మా తమ్ముడి ఫ్రెండ్ ఒకడు "అన్నా, మనుషుల్ని మేనేజ్ చేసే లైన్లోకి వెళ్లాలి, ఏ ఎంబీఏ చెయ్యను?" అని అడిగాడు. హెచ్‌ఆర్ ఉద్యోగం కావాలా, లేక ఉన్న సాఫ్ట్‌వేర్ లైన్లోనే పదిమందికి పైన కూర్చోవాలా అని నేను ఎదురడిగా. తేల్చుకోలేదు. ముందు తేలాల్సింది అదే, ఎందుకంటే ఈ రెండింటికీ వెళ్లే దారులు వేరు.

హెచ్‌ఆరే అయితే నా ఓటు జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐకి. 1949లో మొదలైన స్కూలు, ఊరే టాటా స్టీల్ ఊరు, హెచ్‌ఆర్‌కే ప్రత్యేకంగా రెండేళ్ల కోర్సు ఉంది. ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కూడా దీనికి తీసిపోదు, పైగా ఫీజు బాగా తక్కువ. సీటు కొట్టడం మాత్రం రెండు చోట్లా కష్టమే.

గచ్చిబౌలిలో ఉన్న బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ సంగతి వేరు. ఏడాదిలో అయిపోతుంది, ఖర్చు మాత్రం 40 లక్షలు అటూ ఇటూ. నాలుగైదేళ్లు పనిచేసి, టీమ్ లీడ్ దగ్గర ఆగిపోయినవాళ్లకి పనికొస్తుంది. హెచ్‌ఆర్ నేర్చుకోవడానికి అంత లోను నెత్తిన పెట్టుకోవడం నాకైతే నచ్చదు.

ఇక ఐసెట్, అంటే మన రాష్ట్రాల కాలేజీల్లో ఎంబీఏ సీటుకి రాసే ఎంట్రన్స్. నేను ఆ బాపతే. మామూలు కాలేజీ, సెకండియర్లో హెచ్‌ఆర్ స్పెషలైజేషన్, పరీక్షలో మనిషి అవసరాల మెట్లు చూపే మాస్లో పిరమిడ్ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పటాన్‌చెరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వర్కర్ పేస్లిప్ పట్టుకొచ్చాడు. జులైలో జీతం పెరిగి 21 వేలు దాటింది, భార్యకి ఆగస్టులో డెలివరీ, "ఈఎస్‌ఐ కార్డు ఇంక పనిచెయ్యదా సార్?" అన్నాడు. లిమిట్ దాటింది కదా, చెయ్యదనేశా. పక్కనున్న టైమాఫీసు క్లర్కు తలెత్తకుండానే "సెప్టెంబరు ఆఖరు దాకా జీతంలోంచి ఈఎస్‌ఐ డబ్బు కట్ అవుతూనే ఉంటుంది, కార్డూ నడుస్తుంది, పో" అన్నాడు. ఈఎస్‌ఐకి డబ్బు కట్టే కాంట్రిబ్యూషన్ పీరియడ్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అని, మధ్యలో జీతం పెరిగినా అది ముగిసేదాకా కవరేజీ ఉంటుందని ఎంబీఏ రెండేళ్లలో నాకెవరూ చెప్పలేదు మరి!

అయినా డబ్బు చూసుకోవాల్సినవాళ్లకి ఐసెట్ తప్పు దారేం కాదు, కాకపోతే చట్టాలు సొంతంగా చదువుకోవాలి. 2025 నవంబరు 21 నుంచి 29 పాత చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్లు వచ్చాయి. ఫ్యాక్టరీలో వర్కర్ల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసరు తప్పనిసరిగా ఉండాలంటే పాత చట్టంలో 500 మంది వర్కర్లుండాలి, ఇప్పుడు 250 మంది చాలు. పాశమైలారం, శ్రీసిటీ లాంటి ఫ్యాక్టరీలున్న చోట్ల హెచ్‌ఆర్ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

అందుకే వాడికి చెప్పా, ఏ కాలేజీకి వెళ్లినా ప్లేస్‌మెంట్ బ్రోచర్ పక్కన పెట్టి లేబర్ లా ఎవరు చెబుతారు, సిలబస్‌లో కొత్త కోడ్లు పెట్టారా, ఇంటర్న్‌షిప్ నిజంగా ఫ్యాక్టరీలోనా లేక అమీర్‌పేటలో కొనుక్కునే సర్టిఫికెట్టా అని అడగమని.