పేరు పెట్టి ఖండించాలా, అన్నీ కలిపి ఖండించాలా? ఐక్యరాజ్యసమితి తీర్మానాల్లో ఏది మేలు

ఐక్యరాజ్యసమితిలో యూదు ద్వేషాన్ని ఖండిద్దాం అని ఎవరు డ్రాఫ్ట్ తెచ్చినా ఒకటే పేచీ. కొందరు దాని పేరు పెట్టి రాయాల్సిందే అంటారు, ఇంకొందరు అదొక్కటే ఎందుకు, "అన్ని రకాల మత అసహనం" అని రాస్తే అదీ అందులోకే వచ్చేస్తుంది కదా అంటారు. వినడానికి రెండోదే న్యాయంగా ఉంటుంది, నేనూ చాలాకాలం అదే కరెక్ట్ అనుకున్నా, కానీ అసలు ఏం జరిగిందో చదివాక మనసు మారింది.

ఇది 1959లో జర్మనీలోని కొలోన్ దగ్గర మొదలైంది. క్రిస్మస్ ముందు రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు అక్కడి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గోడల మీద స్వస్తిక గుర్తులు గీసి యూదులు బయటికి పోవాలని రాశారు (మనం గడప మీద వేసుకునే స్వస్తిక్ కాదు, నాజీలది), ఆ సినగాగ్ మళ్ళీ కట్టి తెరిచి అప్పటికి మూడు నెలలే. కొన్ని వారాల్లోనే అదే పని చాలా దేశాల్లో జరిగింది. దాంతో విషయం ఐక్యరాజ్యసమితికి వెళ్ళింది, ఒప్పందం రాయాలన్నారు, కానీ జాతి వివక్షనీ మత అసహనాన్నీ కలిపి రాయడం కుదరలేదు. సోవియట్ వాళ్ళకి మతం మీద చర్చే ఇష్టం లేదు, అరబ్ దేశాలకి ఇది ఇజ్రాయెల్‌కి కలిసొస్తుందేమోనని అనుమానం, కొత్తగా స్వతంత్రం వచ్చిన ఆఫ్రికా దేశాలకి జాతి వివక్షే ముందు తేలాల్సిన సంగతి. 1962లో రెండూ విడగొట్టేశారు. జాతి వివక్ష మీద 1965 డిసెంబర్‌లో గట్టి ఒప్పందమే వచ్చింది. మత అసహనం మీద 1981 నవంబర్ దాకా ఆగి ఒక డిక్లరేషన్ మాత్రం (అంటే దేశాలు చట్టపరంగా కట్టుబడక్కర్లేని ప్రకటన) వచ్చింది, ఒప్పందం అయితే ఇప్పటిదాకా లేదు. యూదుల సినగాగ్ మీద గీతలతో మొదలైన పని, చివరికి వాళ్ళ పేరు ఎక్కడా లేని రెండు కాగితాలుగా తేలింది.

పేరు ఎలా పోయిందో చూడండి. 1965 ఒప్పందంలో యూదు ద్వేషాన్ని కూడా చేర్చాలని అమెరికా, బ్రెజిల్ అడిగాయి. వెంటనే సోవియట్ యూనియన్, సరే, యూదు ద్వేషం, నాజీయిజంతో పాటు జియోనిజాన్ని (యూదులకి సొంత దేశం ఉండాలన్న భావన) కూడా ఖండిద్దాం అని ఇంకో సవరణ పెట్టింది, అంటే యూదు ద్వేషాన్నీ యూదుల దేశభావననీ ఒకే వరసలో పెట్టింది. అప్పుడు గ్రీస్, హంగరీ కలిసి అసలు ఏ ఒక్క పేరూ వద్దని ప్రతిపాదిస్తే కమిటీలో 82 ఓట్లతో అదే నెగ్గింది. కానీ అదే ఒప్పందం 3వ ఆర్టికల్‌లో అపార్థైడ్ (దక్షిణాఫ్రికా ప్రభుత్వం నడిపిన వర్ణవివక్ష) పేరు స్పష్టంగా ఉంది! పేర్లు వద్దన్నది నిజంగా నియమమే అయితే అదీ ఉండకూడదు కదా. ఉంది, ఉండటం చాలా మంచిదైంది, 1973లో దాని మీదే విడిగా ఇంకో ఒప్పందం కూడా వచ్చింది, దక్షిణాఫ్రికా మీద ఒత్తిడికి ఆ పేరు ఒక పట్టు ఇచ్చింది. అదే పట్టు యూదులకి దొరకలేదన్నదే నా బాధ.

పేరు పెట్టడంలో ప్రమాదం లేదా అంటే ఉంది, ఓటింగ్‌కి వెళ్తే అది ఆయుధం అయిపోతుంది. 1975 నవంబర్ 10న "జియోనిజం జాత్యహంకారంలో ఒక రూపం" అని తీర్మానం 72-35తో నెగ్గింది, మన దేశం కూడా అనుకూలంగానే వేసింది. దాన్ని వెనక్కి తీసుకోడానికి 1991 డిసెంబర్ దాకా పట్టింది, ఈసారి 111-25. రద్దుకి మన దేశం ఓటు వేసింది, అప్పుడు ప్రధాని మన పీవీ నరసింహారావు గారు, ఆ తర్వాత నెలలోనే, 1992 జనవరి 29న, ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు కూడా మొదలయ్యాయి. ఒక ఓటు వల్ల పడ్డ మచ్చ పోవడానికి 16 ఏళ్ళు.

అందుకే పేరు పెడుతూనే ఓటింగ్ లేకుండా ఒప్పించే దారి నాకు నచ్చుతుంది, కష్టమే గానీ అసాధ్యం కాదు. 2003లో యూదు ద్వేషం మీద ఐర్లాండ్ తెచ్చిన డ్రాఫ్ట్ మద్దతు లేక వెనక్కి పోయింది, తర్వాతి ఏడాది మత అసహనం తీర్మానంలోనే ఇస్లామోఫోబియా (ముస్లిం ద్వేషం), యూదు ద్వేషం, క్రైస్తవ ద్వేషం మూడింటి పేర్లూ పక్కపక్కన వచ్చాయి. 2005లో జనవరి 27ని హోలోకాస్ట్ (నాజీలు యూదులని సామూహికంగా చంపడం) స్మృతి దినంగా పెట్టారు, ఓటింగే లేదు. 2022లో హోలోకాస్ట్ జరగలేదనే వాదనని ఖండించే తీర్మానం కూడా అలాగే వచ్చింది, ఇరాన్ ఒక్కటే నాకు సంబంధం లేదంది.

మన దేశం వాదన ఇంకోటి. 2022లో మార్చి 15ని ఇస్లామోఫోబియా వ్యతిరేక దినం చేసినప్పుడు మన రాయబారి తిరుమూర్తి, ఒక్క మతానికే ఎందుకు, ఆఫ్ఘనిస్తాన్‌లో బామియాన్ బుద్ధ విగ్రహాన్ని పగలగొట్టడం, గురుద్వారాల మీద, గుళ్ళ మీద దాడులు లెక్కలోకి రావా అని అడిగారు, 2024లో అదే విషయం మీద మన దేశం ఓటింగ్‌కి దూరంగా ఉంది. ఆ బాధ నిజమే, హిందువులు, బౌద్ధులు, సిక్కుల పేర్లు ఈ కాగితాల్లో కనపడాల్సిందే. కానీ దానికి మందు వాటిని కూడా చేర్చడం, అంతేగానీ ఉన్న పేరు తీసేసి అందరినీ ఒకే మాట కింద కప్పెయ్యడం కాదు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని బలిగొన్న దాడి జరిగిన రోజు అది, దానికి పేరు ఉండటం తప్పని నేను అనలేను.

అందర్నీ కలిపి రాసిన వాటిలో ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి చేసిన 16/18 తీర్మానం. అంతకుముందు పదేళ్ళకి పైగా "మతాల పరువు నష్టం" అని ఏటా కొట్టుకునేవాళ్ళు, దీంతో ఆ మాట వదిలేసి మతాన్ని కాకుండా మనిషిని కాపాడే పనుల మీదికి వచ్చారు.

కానీ పని అనగానే నాకు 2004 బెర్లిన్ డిక్లరేషనే గుర్తొస్తుంది, యూరప్ భద్రతా సంస్థలోని 55 దేశాలు ఒప్పుకున్నది. మధ్యప్రాచ్యంలో ఏం జరిగినా అది యూదు ద్వేషానికి సాకు కాదని సూటిగా రాశారు, అలాంటి నేరాల లెక్కలు విడిగా రాసి పెట్టాలని కూడా. లెక్క రాయాలంటే పోలీసు రిజిస్టర్‌లో దానికో గడి ఉండాలి కదా, కొలోన్ గోడ మీద గీతల్లాంటివి వట్టి "మత అసహనం" అన్న గడిలో పడితే ఏడాది చివర ఆ అంకె చూసి ఏ ఊళ్ళో ఎవరి గుమ్మం దగ్గర కాపలా పెట్టాలో ఎవరికీ తెలీదు.