బీక్రిప్ట్‌తో ఏళ్ల వాడకం: తెలుగు పాస్‌వర్డ్ ఎక్కడ తెగుతుందంటే

పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు కాక, వెనక్కి తిప్పలేని హ్యాష్‌గా మార్చి దాచాలనీ, ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి పనికిరాదనీ, సాల్ట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కీ వేరుగా కలిపే యాదృచ్ఛిక విలువ) ఎందుకు కలపాలనీ ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పైథాన్, టికింటర్ (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ), ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్) కలిపి కట్టిన చిన్న డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో, ఒకే కంప్యూటర్‌ని నలుగురైదుగురు వాడుకునే చోట, పాస్‌వర్డ్‌ని హ్యాష్ చేసే బీక్రిప్ట్ లైబ్రరీ ఎలా నడిచిందో, ఎక్కడ తన్నిందో మాత్రమే రాస్తున్నాను.

బీక్రిప్ట్ మీద నా మక్కువంతా అది తిరిగిచ్చే 60 అక్షరాల వరస మీదే. మొదటి ఏడు అక్షరాలు ‘$2బి$12$’ లాగా ఉంటాయి: ఏ రకం బీక్రిప్టో, కాస్ట్ (లెక్క ఎంత బరువుగా ఉండాలో చెప్పే అంకె) ఎంతో అందులోనే తెలిసిపోతుంది. తర్వాతి 22 అక్షరాలు సాల్ట్, మిగిలిన 31 అసలు హ్యాష్. సాల్ట్‌కి వేరే కాలమ్ అక్కర్లేదు, ఎన్ని చుట్లు తిప్పామో సెట్టింగ్స్ ఫైల్‌లో రాసిపెట్టుకోనక్కర్లేదు. టేబుల్‌లో యూజర్ పేరు, ఈ వరస, అంతే. సరిచూసేటప్పుడు చెక్‌పీడబ్ల్యూ ఫంక్షన్‌కి టైపు చేసిన పాస్‌వర్డ్‌నీ దాచిన వరసనీ ఇస్తే కావలసినవన్నీ అదే వరసలోంచి తీసుకుంటుంది.

కాస్ట్ పెంచాలనుకున్నప్పుడు ఈ సుఖం మరీ తెలుస్తుంది. అంకె ఒకటి పెరిగితే పని రెట్టింపవుతుంది. 12 అంటే 4096 చుట్లు. పాత వరసలు 10తో, కొత్తవి 12తో ఒకే టేబుల్‌లో పక్కపక్కన ఉన్నా ఇబ్బంది లేదు. లాగిన్ సరిపోయిన క్షణంలో పాస్‌వర్డ్ మన చేతిలోనే ఉంటుంది కాబట్టి, వరసలోని కాస్ట్ తక్కువగా కనిపిస్తే అప్పుడే కొత్తగా హ్యాష్ చేసి రాసేయొచ్చు. యూజర్‌కి తెలియను కూడా తెలియదు.

చిన్న చికాకులు రెండున్నాయి. హ్యాష్ తయారుచేసే హ్యాష్‌పీడబ్ల్యూ ఫంక్షన్ ఇచ్చేది బైట్స్, స్ట్రింగ్ కాదు. దాన్ని ఆస్కీగా డీకోడ్ చేసి టెక్స్ట్ కాలమ్‌లో పెట్టాలి. అలా కాకుండా ఎస్‌టీఆర్‌లో చుట్టేస్తే ముందు ‘బి’ అక్షరం, రెండు వైపులా కోట్స్ కూడా డేటాబేస్‌లోకి వెళ్లిపోతాయి. సేవ్ చేసేటప్పుడు ఏ ఎర్రరూ రాదు, లాగిన్ దగ్గర మాత్రం ‘ఇన్‌వాలిడ్ సాల్ట్’ అని అరుస్తుంది. రెండోది, సరిచూడడం పావు సెకనో అర సెకనో పడుతుంది కాబట్టి బటన్ ఫంక్షన్‌లోనే నేరుగా పిలిస్తే అంతసేపూ కిటికీ బిగుసుకుపోతుంది. వేరే థ్రెడ్‌లో లెక్క చేయించి, ఫలితాన్ని క్యూలో పెట్టి, ప్రధాన థ్రెడ్‌లో టికింటర్ వాళ్ల ఆఫ్టర్ ఫంక్షన్‌తో 50 మిల్లీసెకన్లకోసారి క్యూ చూసుకుంటే సరి. ఆ థ్రెడ్‌లోంచి లేబుల్ మార్చబోతే మాత్రం టికింటర్ ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం.

అసలు దెబ్బ 72 దగ్గర తగిలింది. బీక్రిప్ట్ పాస్‌వర్డ్‌లో మొదటి 72 బైట్లే చూస్తుంది. దాని లోపల ఉన్నది బ్లోఫిష్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి. అందులో 32 బిట్ల ఉపకీలు 18, అంటే 72 బైట్లు. అంతకు మించి కలిపేందుకు చోటు లేదు. ఇంగ్లిష్‌లో టైపు చేసేవాళ్లకి ఇది 72 అక్షరాలు, ఎవరూ అంత దూరం వెళ్లరు. తెలుగులో అలా కాదు. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ (యూనికోడ్‌లో అక్షరానికో గుర్తుకో ఇచ్చిన సంఖ్య) ఒక్కొక్కటీ మూడు బైట్లు. పైగా మనం ఒక్క అక్షరమనుకునేది చాలాసార్లు ఒక్క కోడ్ కాదు: ‘స్నే’ అంటే స, పొల్లు, న, ఏత్వం, నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. టికింటర్ ఎంట్రీలో దానికి నాలుగు చుక్కలు పడతాయి. అంటే మొత్తం తెలుగు పాస్‌వర్డ్‌కి దక్కేది 24 కోడ్‌లు, మామూలు మాటలైతే రెండున్నర.

ఉదాహరణకి ‘వానొచ్చింది గొడుగు మర్చిపోయాను రేపు’ అనే పాస్‌వర్డ్ తీసుకోండి. మొదటి మాట 11 కోడ్‌లు, 33 బైట్లు. ఖాళీ ఒకటి, ‘గొడుగు’ 18, మళ్లీ ఖాళీ ఒకటి: మొత్తం 53. మిగిలింది 19 బైట్లు. అందులో ‘మర్చిప’ వరకు 18 పోగా, ఓత్వంలో మొదటి బైటు ఒక్కటి పడుతుంది. తెలుగు కోడ్‌లన్నిటికీ ఆ మొదటి బైటు ఒకటే! కాబట్టి ‘మర్చిప’ తర్వాత తెలుగులో ఏం కొట్టినా తలుపు తెరుచుకుంటుంది. ‘రేపు’ బదులు ‘ఎల్లుండి’ అన్నా సరే, ‘మర్చిపడి’ అని ఆపేసినా సరే.

ఇది బయటపడే తీరు కూడా విచిత్రంగా ఉంటుంది. లాగిన్ కావడం లేదన్న ఫిర్యాదు రాదు, అవుతోందన్న ఫిర్యాదు వస్తుంది. పాస్‌వర్డ్ మార్చి చివరి మాట ఒక్కటే వేరే పెట్టుకున్న యూజర్ ‘పాతది కూడా పనిచేస్తోందేమిటి’ అని అడిగినప్పుడు, మొదట అందరి చూపూ అప్‌డేట్ క్వెరీ మీద పడుతుంది. కమిట్ కాలేదేమో, వేరే ఫైల్ తెరుచుకుందేమో అని వెతుకుతారు. డేటాబేస్‌లో వరస మారినట్టే కనిపిస్తుంది, సాల్ట్ కొత్తది కదా. పాత పాస్‌వర్డ్‌నీ కొత్త పాస్‌వర్డ్‌నీ బైట్స్‌గా మార్చి, పొడవు కొలిచి, మొదటి 72 పక్కపక్కన పెడితే తప్ప సంగతి తేలదు.

నిజాయితీగా చెప్పాలంటే, 24 తెలుగు కోడ్‌లు ఊహించడానికి ఏమంత తేలిక కాదు. ఆ మిగతా భాగాన్ని చప్పుడు చేయకుండా పారేయడమే నా అభ్యంతరం. అదీకాక, సాల్ట్‌లా పనికొస్తుందని యూజర్ పేరుని పాస్‌వర్డ్ ముందు అతికించే అలవాటు ఒకటుంది. పేరు పొడవైతే పాస్‌వర్డ్‌కి చోటే మిగలదు. లాగిన్ సేవలు అందించే ఓక్టా కంపెనీ 2024లో వెల్లడించిన లోపం ఈ కోవదే: యూజర్ ఐడీ, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కలిపి బీక్రిప్ట్‌తో కాష్ కీ (ఇంతకుముందు దాచిన లాగిన్ ఫలితాన్ని వెతికే గుర్తు) తయారుచేశారు, యూజర్ పేరు 52 అక్షరాలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లే వీలు కలిగింది. తెలుగులో పేర్లు ఉంచే అప్లికేషన్‌లో ఆ గీత ఇంకా దగ్గర.

పైథాన్ బీక్రిప్ట్ లైబ్రరీ 5.0 నుంచి 72 బైట్లు దాటితే వాల్యూఎర్రర్ ఇస్తోంది, అంతకుముందు మౌనంగా కోసేసేది. మార్పు మంచిదే. కానీ అప్‌గ్రేడ్ చేసిన రోజున పొడవు పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు లాగిన్ దగ్గరే ఆగిపోతారు. పాత హ్యాష్‌ని సరిచూడాలంటే మనమే మొదటి 72 బైట్లకి కోసి ఇవ్వాలి. ఆ కోతని బైట్స్ మీదే చేయండి. పై ఉదాహరణలోలాగా అది కోడ్ మధ్యలో పడొచ్చు. మళ్లీ స్ట్రింగ్‌గా డీకోడ్ చేయబోతే ఎర్రర్, ఎర్రర్‌ని పట్టించుకోవద్దంటే ఆ చివరి బైటు పోయి హ్యాష్ కలవదు. పాస్‌లిబ్ అనే ఇంకో లైబ్రరీ ద్వారా బీక్రిప్ట్ వాడేవాళ్లకి ఇంకో తలనొప్పి: పాస్‌లిబ్ 1.7.4 తన సొంత పరీక్ష కోసం పొడవాటి పాస్‌వర్డ్ పంపి, 5.0 దగ్గర అక్కడే కూలిపోతుంది. ఆ లైబ్రరీకి 2020 తర్వాత కొత్త విడుదల లేదు. నేరుగా బీక్రిప్ట్‌నే పిలుచుకోవడం మేలు.

మరమ్మతు: బీక్రిప్ట్‌కి ఇచ్చేముందు పాస్‌వర్డ్‌ని, ఎంత పొడవున్నా 32 బైట్లు చేసే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ గుండా పంపి పొట్టిగా చేయడం. ముడి 32 బైట్లు మాత్రం ఇవ్వకండి. వాటిలో సున్నా బైటు పడితే కొన్ని అమలుల్లో పాస్‌వర్డ్ అక్కడితో ముగిసిపోతుంది, కొన్నింటిలో ఎర్రర్. బేస్64 చేస్తే, అంటే ఆ బైట్లని మామూలు ఇంగ్లిష్ అక్షరాలుగా రాస్తే, 44 అక్షరాలు, హాయిగా సరిపోతాయి. ఉత్త ఎస్‌హెచ్‌ఏ-256 కన్నా, అప్లికేషన్‌కి ప్రత్యేకమైన స్థిర వాక్యం కీగా పెట్టి హెచ్‌మ్యాక్ (కీ కలిపి చేసే హ్యాష్) వాడండి. వేరే చోట కారిపోయిన ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లని నేరుగా మన బీక్రిప్ట్ వరసల మీద ప్రయోగించి చూసే దారి దాంతో మూసుకుపోతుంది. ఆ వాక్యం రహస్యం కానక్కర్లేదు, డెస్క్‌టాప్‌లో రహస్యంగా ఉంచడం ఎలాగూ కుదరదు.

కొత్త పద్ధతికి మార్చేటప్పుడు ఒక గొయ్యి ఉంది. పాత హ్యాష్‌కి 72వ బైటు తర్వాత ఏముందో తెలియదు. యూజర్ ఆ రోజు చివరి మాటలో తప్పు కొట్టినా పాత లెక్క ‘సరే’ అంటుంది, మనం ఆ తప్పుతోనే కొత్త హ్యాష్ రాసేస్తాం. మర్నాడు సరిగ్గా కొట్టినవాడు బయటే ఉంటాడు. అందుకని పాస్‌వర్డ్ 72 బైట్లు దాటినవాళ్లకి మాత్రం చప్పుడు లేని మార్పిడి వద్దు, రెండుసార్లు టైపు చేయించుకోండి.

పొడవు సంగతి తేలాక రెండో తెలుగు సమస్య కనపడుతుంది. పొల్లుతో ముగిసే మాటల తర్వాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని కోడ్‌ని) చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మాట మధ్యలో అయితే ఒత్తు పడిందా లేదా అన్నది కంటికి తెలుస్తుంది, మాట చివర ఏ తేడా కనపడదు. పాస్‌వర్డ్ పెట్టెలో అన్నీ చుక్కలే కాబట్టి రెండు చోట్లా తెలియదు. కీబోర్డ్ మార్చినవాడికి తన పాస్‌వర్డే పనిచేయదు. ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు తీరులని ఒకటి చేసే యూనికోడ్ పద్ధతులు ఎన్‌ఎఫ్‌సీ గానీ ఎన్‌ఎఫ్‌కేసీ గానీ దీన్ని తీసేయవు, మనమే తీసేయాలి, అక్షరాలని కలిపే జీరో విడ్త్ జాయినర్‌ని కూడా. ఎన్‌ఎఫ్‌సీ అవసరం వేరే: ఐత్వం గుర్తు ఒకే కోడ్‌గానూ రావచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తు కలిసి రెండు కోడ్‌లుగానూ రావచ్చు. ఎన్‌ఎఫ్‌సీ రెంటినీ ఒకటి చేస్తుంది. కాబట్టి చేయాల్సిన క్రమం ఇది: ఎన్‌ఎఫ్‌సీ, జాయినర్ల తొలగింపు, యూటీఎఫ్-8, హెచ్‌మ్యాక్, బేస్64, ఆ తర్వాతే బీక్రిప్ట్. ఖాళీలని ముట్టుకోకండి.

ఇక్కడికొచ్చేసరికి పైన పొగిడినదాన్ని కాస్త సవరించుకోవాలి. 60 అక్షరాల వరసలో కాస్ట్ ఉంది, సాల్ట్ ఉంది; పాస్‌వర్డ్‌ని లోపలికి పంపేముందు మనం ఏం చేశామన్నది మాత్రం లేదు. పాతవాటినీ కొత్తవాటినీ విడదీయాలంటే జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లోలాగా వరస ముందు పద్ధతి పేరు తగిలించాలి, లేదా అక్కర్లేదన్న ఆ రెండో కాలమ్ పెట్టాలి. లెక్కపెట్టుకోవడం తేలికని ‘పద్ధతి’ అని కాలమే పెట్టాను.

ఇంకో సంగతి బీక్రిప్ట్ తప్పు కాదు, డెస్క్‌టాప్ స్వభావం. ఎస్‌క్యూలైట్ ఫైల్ యూజర్ చేతిలోనే ఉంటుంది. డీబీ బ్రౌజర్‌తో తెరిచి, తనకు తెలిసిన పాస్‌వర్డ్ వరసని అడ్మిన్ వరస ఉన్నచోట అతికిస్తే పని అయిపోయింది. అసలు డేటాని అలాగే చదువుకోవచ్చు కూడా. ఐదు తప్పులకి లాక్ పెట్టినా ఫైల్ కాపీ చేసుకున్నవాడిని ఆపదు. ఇది గోడ లేని ఇంటికి తలుపు. బీక్రిప్ట్ ఇక్కడ కాపాడేది ఒక్కటే: ఫైల్ బయటికి పోయినా అసలు పాస్‌వర్డ్‌లు తేలిగ్గా బయటపడవు, వాటినే వేరే చోట వాడుకున్నవాళ్లకి నష్టం తగ్గుతుంది. డేటా కూడా దాగాలంటే పాస్‌వర్డ్ నుంచి కీ పుట్టించి ఎస్‌క్యూఎల్‌సైఫర్ లాంటిదానితో ఫైల్‌నే ఎన్‌క్రిప్ట్ చేయాలి.

మళ్లీ మొదలుపెడితే ఇదే వాడతానా? కొత్త అప్లికేషన్ అయితే బహుశా ఆర్గాన్2ఐడీ. 2015 పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2లో ఇదొక రకం. 72 బైట్ల గొడవ లేదు, వరసలోనే పారామితులన్నీ రాసే సుఖం దానిలోనూ ఉంది, పైథాన్ లైబ్రరీలో ‘మళ్లీ హ్యాష్ చేయాలా’ అని అడిగే ఫంక్షన్ కూడా ఉంది. ఒక్కో లాగిన్‌కి డిఫాల్ట్‌గా 64 ఎంబీ మెమరీ తీసుకుంటుంది, డెస్క్‌టాప్‌లో అది లెక్కలోది కాదు. జాయినర్ల తొలగింపు మాత్రం అక్కడా తప్పదు. ఇప్పటికే బీక్రిప్ట్ వరసలతో నడుస్తున్నదాన్ని, నాలాగా నలుగురైదుగురు యూజర్లే ఉన్న చోట, పైన చెప్పిన పద్ధతికి మార్చుకుని ఉంచేయడంలో నాకు తప్పు కనపడలేదు. వందల మంది యూజర్లు, నెలల తరబడి లాగిన్ కానివాళ్లు ఉంటే లెక్క వేరు. పాత పద్ధతి కోడ్ తీసేసేముందు ఆ కాలమ్‌లో ఇంకా పాత విలువతో ఎందరున్నారో ఒక సెలెక్ట్ కౌంట్ నడిపి చూసుకోండి. సున్నా రాకపోతే మిగిలినవాళ్లకి కొత్త పాస్‌వర్డ్ పెట్టించే తెర ముందు సిద్ధం చేయాలి.