ఎండాకాలం ఆదివారం: అబిడ్స్ పాత పుస్తకాలా, సాలార్‌జంగ్ మ్యూజియమా, మేడ మీద మామిడిపళ్లా?

ముందే చెప్పేస్తున్నాను, నా ఓటు అబిడ్స్ ఫుట్‌పాత్‌కే. మే నెల ఎండలో రోడ్డు పక్కన పాత పుస్తకాలు ఏరుకోవడం మేలంటే చాలామంది ఒప్పుకోరు. మా గ్యాంగ్‌లోనే సగం మంది ఒప్పుకోరు, శనివారం రాత్రి వాట్సాప్ గ్రూప్‌లో ఈ వాదన మొదలైతే పన్నెండు దాటినా తెగదు. బెంగళూరు నుంచి, పుణె నుంచి, ఒకడు డల్లాస్ నుంచి, పిల్లల సెలవులకని అందరూ హైదరాబాద్‌లో దిగేది ఏప్రిల్ చివర బడులు మూసినప్పటి నుంచి జూన్ 12న తెరిచే లోపే. అందుకని "చలికాలంలో పోదాంలే" అనే మాట మాకు పనికిరాదు, మేం కలిసేదే ఎండల్లో.

మాల్‌ని పోటీలోకి తీసుకోవడం లేదు, అక్కడికి ఏ ఊళ్లోనైనా పోవచ్చు. గోల్కొండ నాకు ప్రాణం, కానీ మేలో వద్దు. బాలాహిస్సార్ మెట్ల దారిలో నీడ తక్కువ, పొద్దున పదికే రాయి కాలిపోతుంటుంది, ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన వినబడిందా లేదా అని అరుచుకునే సరదా డిసెంబర్‌కి దాచుకోండి. ఇక మిగిలినవి మూడు: ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు, సాలార్‌జంగ్ మ్యూజియం, ఎక్కడికీ కదలకుండా మేడ మీద మామిడిపళ్లు, కబుర్లు.

అబిడ్స్ సంగతి ముందు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న అబిద్ అనే ఆయన పెట్టిన దుకాణం పేరే ఆ సెంటర్‌కి నిలిచిపోయింది, ఇప్పటికీ వారమంతా అది షాపుల రాజ్యం. ఆదివారం షట్టర్లు దిగితే మాత్రం వాటి ముందు మెట్ల మీద, ఫుట్‌పాత్ పొడుగునా దుప్పట్లు, ప్లాస్టిక్ పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. ఎంసెట్ గైడ్లు, మెడిసిన్ పుస్తకాలు, అట్టలు ఊడిన ఇంగ్లీషు థ్రిల్లర్లు, పిల్లల ఎన్‌సైక్లోపీడియాలు, ఉర్దూ పత్రికలు, వాటి మధ్యలో ఎక్కడో మన తెలుగు వారపత్రికలు, నవలలు. తెలుగు పైకి కనబడదు, వంగి కుప్ప కిందకి చెయ్యి పెట్టాలి. పరీక్షలు అయిపోయి ఇళ్లల్లో అలమరాలు ఖాళీ చేసే రోజులు కదా, ఎండాకాలంలో సరుకు బాగా వస్తుంది, పైగా వానల భయం ఉండదు. వానాకాలంలో వెళ్లి చూడండి, నాలుగు చినుకులు పడగానే అమ్మేవాళ్లు పట్టా కప్పేసి పక్కన నిలబడతారు, మనం ఉత్త చేతులతో తిరిగి రావాలి. నన్నడిగితే ఫుట్‌పాత్ పుస్తకాలకి వానాకాలం కంటే ఎండాకాలమే నయం.

ఇక్కడ మా వాళ్ల పిచ్చి గురించి చెప్పాలి, ఎందుకంటే నా ఓటుకి అసలు కారణం అదే. ఒకడు పాత చందమామలు పోగుచేస్తాడు. 1947 జులైలో మొదలైన పత్రిక అది, ఆ తొలి ఏళ్లవి ఫుట్‌పాత్ మీద దొరకడం కల్ల, డెబ్బైలు, ఎనభైల నాటివి మాత్రం అదృష్టం బాగుంటే తగులుతాయి. వాడు పుస్తకం చేతికి రాగానే ముందు వెన్ను దగ్గర పిన్నులు చూస్తాడు. పిన్ను తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మరక పాకిందంటే మధ్య పేజీలు ఊడిపోయి ఉంటాయని అనుమానం, వేలితో నడిమి కాగితం మెల్లగా లాగి చూస్తాడు. ఆ తర్వాత అట్ట మీద వపా (చిత్రకారుడు వడ్డాది పాపయ్య) వేసిన బొమ్మ. అప్పుడు తిన్నగా ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీకి పోయి, గెలిచిన రెండు వ్యాఖ్యలూ మా అందరికీ పైకి చదివి వినిపించి, దానికంటే మంచిది మమ్మల్ని చెప్పమంటాడు. ఎండలో నిలబడి మేం ఆ ఆట ఆడతాం, పక్కన పుస్తకాలు చూసుకునేవాళ్లు కూడా ఒకోసారి చెయ్యేస్తారు.

ఇంకొకామెకి పుస్తకంతో అసలు పనే లేదు. పుస్తకాల్లో జనం మర్చిపోయిన కాగితాలు ఆమె సేకరణ. ఆర్టీసీ బస్సు టికెట్, లైబ్రరీ తేదీల చీటీ, సగం రాసి ఆపేసిన ఇన్‌లాండ్ లెటర్, పచ్చదనమంతా పోయి ఈనెలు మాత్రమే మిగిలిన రావి ఆకు. ఇంటి దగ్గర ఒక పాత ఆల్బమ్‌లో ఒక్కో పేజీకి ఒక్కొక్కటి పెట్టి, కింద ఏ పుస్తకంలో ఏ పేజీ దగ్గర దొరికిందో రాసి పెట్టుకుంది. ఇరవై రూపాయల కుప్పలోంచి పనికిరాని అకౌంట్స్ గైడ్ కొన్నదంటే లోపల ఏదో ఉందని మాకు అర్థమవుతుంది, డబ్బులిచ్చేదాకా బయటపెట్టదు, ఇచ్చాక కూడా చాయ్ వచ్చేదాకా చూపించదు.

అదీ సంగతి. ఫ్రెండ్స్‌తో పోయే చోటు ఎలా ఉండాలంటే, కాసేపు ఎవరి దారిన వాళ్లు పోవాలి, మళ్లీ కలిసినప్పుడు చూపించుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఏడాదికోసారి కలిసినవాళ్లం, ఉద్యోగం, ఈఎంఐలు, షుగర్, పిల్లల కోచింగ్, ఈ నాలుగూ అయిపోయాక మాటలు ఆగిపోతాయి. అబిడ్స్‌లో ఆగవు. "అరే, ఇది చూడు" అని ఒకడు పిలుస్తాడు, వాడు పట్టుకున్న పుస్తకం మా తొమ్మిదో తరగతి మాస్టారు చదివి వినిపించినది అయి ఉంటుంది, అక్కడి నుంచి మాట ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

కష్టాలు లేవని అనను. దుమ్ము ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్లు మాస్క్ పెట్టుకోవాల్సిందే. కూర్చోవడానికి చోటుండదు. బాత్రూం పెద్ద సమస్య, ఆడవాళ్లకి మరీ, అందుకని మేం ముందు తాజ్‌మహల్ హోటల్లో టిఫిన్ చేసి అక్కడి నుంచే బయల్దేరతాం. పదకొండున్నర దాటితే ఎండ నెత్తి మీద కూర్చుంటుంది, రోహిణి కార్తెలో అయితే పదకొండుకే మూట కట్టుకోవడం మంచిది. బేరం కూడా అందరికీ చేతకాదు. "ఈ కుప్ప యాభై, ఆ కుప్ప వంద" అని రేటు పలికిన చోట బేరం ఉండదు, విడిగా తీసి పక్కన పెట్టిన పుస్తకాల దగ్గరే ఉంటుంది. కావాల్సిన పుస్తకం ఒక్కటే పట్టుకుని అడిగితే రేటు దిగదు, నాలుగు కలిపి "సబ్ మిలాకే కిత్నా భయ్యా" అంటే దిగుతుంది. నాణేలవాళ్లు కూడా అక్కడక్కడా కూర్చుంటారు, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి చూపిస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది, కానీ బాగా తెలిసిన మనిషి పక్కన లేకపోతే జోలికి పోకండి, నకిలీలు ఎక్కువ. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టుకుంటే ఇనుము కలిసిన సరుకు మాత్రం అక్కడికక్కడే దొరికిపోతుంది, వెండి అయస్కాంతానికి అంటుకోదు. అయస్కాంతానికి అంటుకోనిదల్లా వెండే అనుకోవద్దు, అంతే.

స్టాంపులు పోగుచేసేవాళ్లకి ఒక మాట, అబిడ్స్ జీపీవోలో ఫిలాటెలిక్ బ్యూరో ఉంది కానీ ఆదివారం మూత. మామూలు రోజు పోయి 200 రూపాయలతో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి, సెలవుల్లో పిల్లలకి పెట్టడానికి ఇంతకంటే మంచి అలవాటు నాకు తోచడం లేదు.

ఇప్పుడు సాలార్‌జంగ్. ఎండ ఒక్కటే లెక్కయితే పోటీయే లేదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నగరంలో నీడపట్టున ఉండి కళ్లు తెరిచి చూడాల్సిన చోటు ఇదే. నిజాం దగ్గర ప్రధానిగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ తాత తండ్రుల నుంచి వచ్చిన కళాఖండాలకి తన జీవితమంతా కలుపుతూ పోయాడు, ఆయన పోయిన రెండేళ్లకి, 1951లో, వాళ్ల నివాసం దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు, ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ, ముందు నుంచి మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక అద్దంలో మార్గరెటా అనే అమ్మాయి కనబడే కొయ్య బొమ్మ, నూర్జహాన్ బాకు, ఇవన్నీ ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. ఆ ముసుగు దగ్గర నిలబడితే అది రాయని తెలిసి కూడా గుడ్డ అంచు ఎక్కడైనా కదులుతుందేమో అని చూస్తూ ఉండిపోతాం.

అన్నిటికంటే నాకిష్టమైనది గడియారం. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది. లోపల ఒక కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ సుత్తితో కొడుతూ ఉంటాడు, గంట అయ్యే ముందు గడ్డం మనిషి తలుపు తీసుకుని వచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి వెళితే పన్నెండు దెబ్బలూ వినొచ్చు. అప్పటిదాకా గోల చేసిన పిల్లలందరూ మెడలు చాపి నిశ్శబ్దంగా చూస్తారు, డల్లాస్ నుంచి వచ్చిన మావాడి కొడుకు ఒంటిగంటకి మళ్లీ చూడాలని పట్టుబట్టి అక్కడే కింద కూర్చున్నాడు.

అయినా ఫ్రెండ్స్‌తో పోవడానికి రెండో స్థానమే ఇస్తాను. అందరం పక్కపక్కనే నడుస్తాం, ఒకే బొమ్మ ముందు ఆగుతాం, "బాగుంది" అనుకుంటాం, ముందుకు కదులుతాం. దాదాపు నలభై గ్యాలరీలు, మూడోది దాటేసరికి ఎవరో ఒకరికి కాళ్లు పీకుతాయి, గ్రూప్ రెండుగా చీలిపోతుంది, తర్వాత గంటంతా ఫోన్లలో "ఎక్కడున్నావ్" తోనే సరిపోతుంది. సెలవుల్లో ఆదివారం జనం కూడా విపరీతం. మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి మంగళవారమో బుధవారమో పోగలిగినవాళ్లకి అసలు ఈ పోలికే అక్కర్లేదు, పనిరోజు సాలార్‌జంగ్, ఆదివారం అబిడ్స్, రెండూ దక్కుతాయి. వెంట అమ్మానాన్నలు ఉన్నా, ఏడెనిమిదేళ్ల పిల్లలు ఉన్నా నా ఓటు పక్కన పెట్టి కళ్లు మూసుకుని మ్యూజియానికి పొండి. వడదెబ్బతో ఆటలొద్దు.

ఒకేరోజు రెండూ చేద్దామనే ఆలోచన మాత్రం మానుకోండి. పుస్తకాల సంచి మోసుకుంటూ మ్యూజియంలో తిరగలేరు, మధ్యాహ్నానికి ఒళ్లు కూడా సహకరించదు.

మేడ మీద మామిడిపళ్లు ఖర్చు లేని పని, సుఖమైన పని. సాయంత్రం మేడ కడిగి నీళ్లు చల్లి, పళ్లన్నీ బకెట్ నీళ్లలో వేసి ఉంచుతాం, వేడి తగ్గుతుందని మా నాయనమ్మ చేసేది, మేమూ అదే చేస్తాం. రాత్రి ఏడున్నరకి చాప పరుచుకుని కూర్చుంటే గొడవ మొదలు. మాలో నంద్యాల వైపు నుంచి వచ్చినవాడు బంగినపల్లి తప్ప ఇంకేదీ పండే కాదంటాడు, 2017లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన సంగతి ప్రతి ఏడూ మాకు గుర్తుచేస్తాడు. నూజివీడువాడు రసం చేత్తో పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు పెట్టి జుర్రుకుంటూ సమాధానం కూడా చెప్పడు. నేను రసాల పక్షమే. ముక్కలు కోసి ప్లేట్లో పెట్టుకుంటే ఎవరి ప్లేట్ వాళ్లది, రసం తినేటప్పుడు మోచేతి దాకా కారి ఫోన్ ముట్టుకునే వీలుండదు, ఆ అరగంటా అందరూ నిజంగా అక్కడే ఉంటారు. లోటేమిటంటే, చేతులు కడుక్కున్నాక ఎవరి ఫోన్ వాళ్ల చేతికొస్తుంది. పొద్దున అబిడ్స్ వెళ్లి వచ్చిన రోజు మాత్రం ఈ బాధ ఉండదు, దొరికినవన్నీ చాప మీదకొస్తాయి, వ్యాఖ్యల పోటీ రెండో రౌండ్ నడుస్తుంది. అందుకే మేడని విడిగా నిలబెడితే మూడో స్థానం, అబిడ్స్‌కి తోడుగా పెడితే తిరుగులేదు.

ఈ ఆదివారం పోయేవాళ్లకి: మెట్రోలో నాంపల్లి దగ్గరో గాంధీభవన్ దగ్గరో దిగితే నడిచిపోవచ్చు, బండి తీసుకెళ్తే పార్కింగ్ కోసం వెతుకులాటే సగం పొద్దు తినేస్తుంది. గుడ్డ సంచి, నీళ్ల సీసా, టోపీ, పదులు ఇరవైల చిల్లర. తొమ్మిదిన్నరకల్లా అక్కడుండండి, నీడ ఉన్న వైపు నుంచి మొదలుపెట్టండి, నచ్చిన పుస్తకం కనబడితే "వచ్చేటప్పుడు తీసుకుందాం" అని వదిలి ముందుకు పోకండి, వచ్చేసరికి ఉండదు. పదకొండున్నరకి ఎండ పెరగగానే మొజాంజాహీ మార్కెట్ దాకా నడవండి, దగ్గరే. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌లో పాత ఐస్‌క్రీం షాపులున్నాయి, పళ్ల గుజ్జుతో చేసేవి. సీతాఫలం ఐస్‌క్రీంకి అక్కడ పెద్ద పేరు, కానీ అది వానలు వెనకబట్టాక వచ్చే పండు. మేలో మామిడిదే అడగండి.