వంకర వేరు పన్నుకి రూట్ కెనాల్: వీధి క్లినిక్కా, స్పెషలిస్టా?

పై మొదటి దవడపన్నుకి మామూలుగా 3 వేర్లు. వాటి లోపల నరం ఉండే కాలువలు మాత్రం చాలామందికి 4. రూట్ కెనాల్ అంటే వాటిని శుభ్రం చేసి నింపడమే. ఆ నాలుగోది వెంట్రుకంత సన్నగా దాక్కుంటుంది. కొందరికి కింది రెండో దవడపన్నులో కాలువలు కలిసిపోయి ‘సి’ అక్షరంలా వంగి ఉంటాయి.

ఖర్చు: వీధి క్లినిక్‌లో తక్కువ. ఎండోడాంటిస్ట్ (రూట్ కెనాల్ స్పెషలిస్టు) దగ్గర ఎక్కువ, త్రీడీ స్కాన్ రాస్తే ఆ బిల్లు అదనం. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ ఆసుపత్రిలో చవక, కాకపోతే లైన్‌లో నిలబడే ఓపిక కావాలి.

శ్రమ: ఇంటి పక్కకి నడిచి వెళ్లొచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బంజారాహిల్స్‌కి రెండు మూడుసార్లంటే ట్రాఫిక్‌తోనే సగం నొప్పి!

రిస్క్: అసలు తేడా ఇక్కడే. మా వీధిలో నాకు మూడు కాలువలు నింపి క్యాప్ పెట్టారు. ఏడాది తిరక్కుండానే వేడి టీ తగిలితే జివ్వుమంది. చచ్చిన పన్ను వేడికి లాగడమేంటి? స్పెషలిస్టు క్యాప్ తీసి మైక్రోస్కోప్‌లో చూస్తే నాలుగోది దొరికింది. రెండు బిల్లులూ నావే. వంకర వేరులో కాలువ శుభ్రం చేసే సన్నటి ఫైల్ (సూదిలాంటి పనిముట్టు) విరిగి ఇరుక్కునే ప్రమాదమూ ఉంది.

ముందు పన్ను, తిన్నని వేరు అయితే వీధి క్లినిక్ చాలు. దవడపన్ను అయి, ఎక్స్‌రేలో వేరు వంగి కనిపించినా, పాత రూట్ కెనాల్ మళ్లీ సలిపినా స్పెషలిస్టు దగ్గరికే వెళ్లండి.