కంపానియన్ల ఆర్మర్: మనం తొడగాలా, వాళ్లకే వదిలెయ్యాలా?

దసరా సెలవులకు మా చిన్నమ్మ కొడుకు మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండ వచ్చాడు. నా డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ గేమ్ సేవ్ ఓపెన్ చేసి, అందులో మన వెంట నడిచే కంపానియన్లలో ఒకరైన మంత్రగత్తె మోరిగన్‌ని చూడగానే "అన్నా, ఈమెకు గీ అంగీ ఏందే?" అన్నాడు. స్టాట్స్ (రక్షణ, బలం లాంటి అంకెలు) బాగున్నాయని సర్కిల్ అనే సంస్థ మాంత్రికుల అంగీ తొడిగాను. సర్కిల్ పేరెత్తితేనే మండిపడే మనిషికి!

2009 నాటి ఆ గేమ్‌లో హెల్మెట్ నుంచి బూట్ల దాకా కంపానియన్లలో దాదాపు అందరివీ మనమే మార్చొచ్చు. దొరికిన ప్రతిదీ ఎవరో ఒకరికి పనికొస్తుంది కాబట్టి పెట్టె తెరిచిన ప్రతిసారీ ఆశగా ఉంటుంది. కాకపోతే అలిస్టర్‌కీ స్టెన్‌కీ ఒకే రకం బరువు ఆర్మర్, హెల్మెట్ తగిలించామంటే ఎవరు ఎవరో దగ్గరికెళ్లి చూస్తే గానీ తెలియదు.

2011లో డ్రాగన్ ఏజ్ 2 దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. ఉంగరాలు, బెల్టులు మన ఇష్టం, ఒంటి మీది ఆర్మర్ మాత్రం వాళ్లదే, వారిక్ అనే కంపానియన్ అయితే బియాంకా అని పేరు పెట్టుకున్న తన విల్లుని వదిలి ఇంకోటి పట్టడు. మనం ఆడే హాక్ క్లాస్‌కి (యోధుడు, మాంత్రికుడు లాంటి వర్గం) సరిపోని మంచి ఆర్మర్ దొరికితే అమ్ముకోవడమే, అది నిజంగా బాధే. అయినా ఈ పద్ధతిని నేను తీసిపారెయ్యను. సైనికురాలిగా వచ్చిన అవెలిన్ నగర రక్షక దళంలో చేరాక ఆ బట్టల్లోకి మారుతుంది. ఫెన్రిస్‌తో ప్రేమ కథ నడిపితే అతని మణికట్టుకి ఎర్ర గుడ్డ కనిపిస్తుంది, ఆ చిన్న గుడ్డ ఏ మాటలకన్నా ఎక్కువ చెప్పింది నాకు. బట్టలన్నీ మన చేతిలో ఉంటే అలాంటిది చూపించడం కష్టం.

వేరే సిరీస్‌లోని బాల్డర్స్ గేట్ 3 (2023) అంతా మనకే ఇచ్చి, రంగులు, క్యాంపులో వేసుకునే బట్టలు కూడా కలిపింది. 100 బంగారు నాణేలిస్తే క్యాంపులో ఉండే విథర్స్, షాడోహార్ట్ అనే కంపానియన్ క్లాసే మార్చేస్తాడు గానీ ఆమె ముఖం జోలికి పోనివ్వరు. అది సరైన గీత.

నా ఓటు మాత్రం 2014 నాటి డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్‌కే. గద్వాల చీరకి ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ కలిసే చీర అవుతుంది కదా, ఇదీ అలాంటిదే: ఆర్మర్ మనం తయారు చేసి ఇస్తాం, అది వాళ్ల ఒంటి మీదికెళ్లాక వాళ్ల తీరులోకి మారుతుంది. ఐరన్ బుల్‌కి ఏ ఆర్మర్ ఇచ్చినా తన తీరు వదలడు, కసాండ్రా ఛాతీ మీద ఆమె దళమైన సీకర్ల కన్ను గుర్తు పోదు. స్టాట్స్ కోసం మనిషిని పోగొట్టుకునే పని లేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే వాళ్లెవరైనా అడిగితే దీన్నే చెప్తాను.

మోరిగన్‌కి మొదట్లో వేసుకొచ్చిన బట్టలే తిరిగి తొడిగాను. స్టాట్స్ కొంచెం తగ్గాయి, తగ్గనీ.