పాడిపంటల దేవుడు ఆటలోకి వస్తే: రాగ్నరాక్‌లో ఫ్రేయర్, ఫ్రేయా

ఫ్రేయర్‌ని ఆడదామన్న ఆశతో ‘గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్’ వీడియోగేమ్ కొనేవాళ్లకు ముందే చెప్పేస్తే మంచిది. అతను మీ కంట్రోలర్‌కి చిక్కడు. కథలో వస్తాడు, నవ్విస్తాడు, పక్కన నిలబడి కత్తి తిప్పుతాడు, అంతే. అతనికి ఆజ్ఞ ఇచ్చే బటన్ లేదు, పెంచుకోవడానికి స్కిల్ ట్రీ లేదు. అవన్నీ తోబుట్టువు ఫ్రేయాకి దక్కాయి. అయినా అసలు కథ, ఫేవర్లు (పక్క కథలు), ఆపైన రెండోసారి ఆడే న్యూ గేమ్ ప్లస్ కూడా తిరిగేశాక తేలిందేమిటంటే, ఈ దేవుణ్ని మనిషిగా కన్నా నేలగా బాగా చేశారు. ఫ్రేయర్ లోకమైన వానాహైమ్‌లోని క్రేటర్ లోయ చూడకుండా ఆట ముగించినవాళ్లు ఫ్రేయర్‌ని సగమే చూసినట్టు.

కథ ముగింపు సంగతి కత్తుల గురించి రాసిన పేరాలోనూ, చిట్టచివరి పేరాలోనూ ఉంది. ఇంకా ఆడనివాళ్లు ఆ రెండూ దాటేయండి.

నార్స్ గాథల్లో ఫ్రేయర్ ఎండా వానా చేతిలో పెట్టుకున్న దేవుడు. పంట బాగా పండాలన్నా, ఊళ్లో గొడవల్లేకుండా ఉండాలన్నా అతనికే మొక్కేవారు. స్వీడన్‌లోని సోడర్‌మాన్‌లాండ్‌లో 1904లో దొరికిన కంచు బొమ్మ ఒకటుంది. ఎత్తు ఏడు సెంటీమీటర్లే. కాళ్లు ముడుచుకుని, గడ్డం పట్టుకుని కూర్చుని ఉంటాడు, అంగం నిక్కి ఉంటుంది. అది ఫ్రేయర్ బొమ్మేనని ఎక్కువమంది పండితుల లెక్క. ఆ మొరటు సంతానశక్తి ఆటలో మచ్చుకైనా లేదు. దాని బదులు ఓడిన్ సైన్యం మీద అడవిలోంచి గెరిల్లా పోరు నడిపే సరదా నాయకుడొకడు వచ్చాడు. ‘ద రెకనింగ్’ అధ్యాయం చివర్లో శిబిరంలో మొదటిసారి కనిపించినప్పుడు, పక్కన మనం నడిపే క్రేటోస్ ఉన్నాడన్న జంకు కూడా లేకుండా మాట్లాడతాడు. అది బాగుంది. ఆ మాటల్లో నేల గురించి, పంట గురించి దాదాపు ఏమీ లేకపోవడం మాత్రం లోటే.

పాత కథలు చదివినవాళ్ల కోసం దాచిపెట్టినవి చిన్న చిన్న చోట్ల ఉన్నాయి. శిబిరంలో కనిపించే ఎల్ఫ్ జంట బిగ్‌వీర్, బేలా పాత కావ్యంలో ఫ్రేయర్ సేవకులు. బిగ్‌వీర్ పేరులోనే బార్లీ గింజ ఉంది. పంటల దేవుడి పాలేరుకి అంతకన్నా తగిన పేరేముంటుంది? అక్కడే ఉండే మరుగుజ్జు యోధురాలి పేరు లుండా. పైన చెప్పిన కంచు బొమ్మ దొరికింది కూడా లుండా అనే పారిష్‌లోనే. కావాలని పెట్టారో, కాకతాళీయమో!

ఇక కత్తులు. గాథలో ఫ్రేయర్ దగ్గర తనంతట తనే పోరాడే కత్తి ఉంటుంది. గెర్డ్ అనే రాక్షసకన్య మీద మోజుపడి, ఆమె దగ్గరికి రాయబారం వెళ్లిన స్కిర్నిర్‌కి ఆ కత్తి ఇచ్చేస్తాడు. అందుకే లోకాలు అంతమయ్యే రాగ్నరాక్ రోజున నిప్పు రాక్షసుడు సుర్తర్ ముందు చేతిలో ఆయుధం లేకుండా నిలబడి చనిపోతాడు. ఆటలో ఈ లెక్క తిరగేశారు. చివరి పోరులో కత్తి అతని దగ్గరే ఉంటుంది, గాల్లో తనే తిరుగుతూ నరుకుతుంది, పేరు ఇంగ్రిడ్. ఇంగ్ అన్నది ఫ్రేయర్‌కి ఇంకో పేరు కాబట్టి కత్తికి యజమాని పేరే పెట్టినట్టు. ఫ్రేయా కత్తి మార్డోల్ కూడా అంతే, అది ఆ దేవతకున్న పాత పేర్లలో ఒకటి. కత్తి ఉన్నా ఫ్రేయర్ ముగింపు మారలేదు. అస్గార్డ్ కూలిపోతుంటే మిగతావాళ్లు తప్పించుకునేదాకా సుర్తర్ రూపాన్ని నిలువరిస్తూ అక్కడే ఉండిపోతాడు. గాథలో ప్రేమకోసం చేసిన తప్పుకి చావు వస్తుంది, ఇక్కడ ఎంచుకుని చస్తాడు. కథగా ఇదే బరువైనది. అయితే అప్పటిదాకా అతనితో గడిపిన సమయం తక్కువ కావడంతో ఆ దృశ్యం తగలాల్సినంత గట్టిగా తగలదు.

చేతికి పని చెప్పేది ఫ్రేయా. ఆటలో ఆమెని ఓడిన్ భార్యగా, బాల్డర్ తల్లిగా చూపించారు. గాథల్లో ఆ రెండూ ఫ్రిగ్‌వి. ఇద్దరు దేవతల్ని ఒకరిగా కలిపేశారు. ‘ద రెకనింగ్’లో నిధాగ్ అనే భారీ సర్పాన్ని చంపి శాపం వదిలించాకే ఆమె స్థిరంగా మీ జట్టులో ఉంటుంది. ఆమెకి బాణాలు రెండు రకాలు: సోనిక్, సిజిల్. కొత్తవాళ్లు చేసే తప్పు ఏదో ఒకటే వాడుతూ పోవడం, లేదా స్క్వేర్ బటన్ ఊరికే నొక్కేయడం. సోనిక్ శత్రువు స్టన్ మీటర్ (నిండితే తూలిపోతాడు) నింపడానికి. ఉత్తచేతులతో గుద్దుతూ, డాలుతో కొడుతూ మధ్యలో సోనిక్ వేయిస్తే పెద్ద శత్రువు కూడా త్వరగా తూలిపోతాడు. సిజిల్ దెబ్బ స్వతహాగా పెద్దది కాదు. తగిలిన చోట ఊదారంగు వలయం మిగుల్తుంది, దాన్ని నిప్పుతోనో మంచుతోనో ముట్టిస్తేనే ఫలితం. అందుకే క్రమం ముఖ్యం. మొదట బ్లేడ్స్ ఆఫ్ కేయాస్ తీసి ట్రయాంగిల్ వరసగా నొక్కి గొలుసులు వేడెక్కించాలి, తర్వాత గుంపు మధ్యలో ఉన్నవాడి మీద సిజిల్ వేయించాలి, వెంటనే కొట్టాలి. వలయం పేలి చుట్టుపక్కలవాళ్లకీ మంట అంటుకుంటుంది. తిరగేసి, ముందు సిజిల్ వేసి తర్వాత వేడెక్కిస్తూ కూర్చుంటే, దెబ్బ పడేసరికి వలయం ఆరిపోతుంది.

పజిళ్లలోనూ అంతే. ఎండుపొదను కాల్చాలి, బ్లేడ్ అందదు. అలాంటప్పుడు బ్లేడ్ తగిలే చోటు నుంచి పొద దాకా సిజిల్ వలయాలు ఒకదాన్నొకటి తాకేలా పేర్చాలి. నిప్పు వాటి మీదుగా పాకుతుంది. మధ్యలో గ్యాప్ వస్తే అక్కడే ఆగిపోతుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ వేస్తే వలయం పెద్దదవుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. దూరం సరిపోనప్పుడు కొత్త చోటు వెతకడం మాని ఉన్నదాన్నే పెంచండి. చివరి వలయం నుంచి మొదలుపెట్టి దగ్గరికి వస్తే టైము కలిసొస్తుంది, ఎందుకంటే ముట్టించేది దగ్గరి కొసనే. సెట్టింగుల్లో పజిల్ టైమింగ్ పెంచుకునే వెసులుబాటు ఉంది, నామోషీ పడక్కర్లేదు.

ఇప్పుడు క్రేటర్. ‘క్రీచర్స్ ఆఫ్ ప్రాఫెసీ’ అధ్యాయం అయ్యాక వానాహైమ్‌కి తిరిగెళ్తే ‘సెంట్ ఆఫ్ సర్వైవల్’ అనే ఫేవర్ మొదలవుతుంది. శిబిరంలో అందరూ పోయాడనుకున్న బిర్గిర్ అనే యోధుడి జాడని హెల్కా అనే జంతువు వాసన పట్టి చూపిస్తుంది. ఆ దారిలోనే మైదానం, అడవి, గుంతల నేల అని మూడు భాగాలున్న పెద్ద లోయ తెరుచుకుంటుంది. అసలు కథ ఇక్కడికి ఒక్కసారి కూడా పంపదు. ఇక్కడి దారుల్లో చాలావాటికి కథలో దొరికే ద్రౌప్నిర్ ఈటె కావాలి. గాలి ఈలవేసే బొరియల్లో ఈటె దిగేసి ఎక్కాలి, కొన్ని రాళ్లలో గుచ్చి ట్రయాంగిల్‌తో పేల్చాలి. ఆటలో లెవెల్ 9 దాకా ఉంటే, ఇక్కడ 5తో దిగడం అనవసరపు కష్టం. డ్రేకీలనే రాక్షస బల్లుల కాటు తట్టుకోలేరు.

ఈ లోయలో ఉన్నంతసేపూ ఫ్రేయర్ గుర్తొస్తూనే ఉంటాడు. మొదట చూస్తే నది ఎండి, పడవ పనికిరాకుండా ఉంటుంది. ‘రిటర్న్ ఆఫ్ ద రివర్’లో ఆనకట్ట తెరిచి నీళ్లు వదిలితే, అంతవరకు నడిచిన ఇసుకలోనే ఏరు పారుతుంది, పడవెక్కి గుంతల నేల వైపు వెళ్లొచ్చు. వరదకు ముందు ఓసారి, తర్వాత ఓసారి తిరగండి. మ్యాప్ ఒకటే అయినా దారులు వేరు. దీనికి తోడు పగలూ రాత్రీ. పగలూ రాత్రీ మార్చే సెలెస్టియల్ ఆల్టర్‌లు ‘క్రీచర్స్ ఆఫ్ ప్రాఫెసీ’ తర్వాతే పనిచేస్తాయి. వాటితో సమయం మారిస్తే కొన్ని పూలు, తీగలు ముడుచుకోవడం, విచ్చుకోవడం మారి, వెనక దాచిన పెట్టెలు బయటపడతాయి. ‘ఇక్కడ ఏమీ లేదు’ అని వదిలేసిన చోట్లే ఇవి ఎక్కువ. ఎండ, చీకటి, నీరు చేతిలో పెట్టి నేల ఎలా మారుతుందో చూసుకోమన్నారు. ఫ్రేయర్ పనేమిటో మాటలతో పనిలేకుండా ఇంత బాగా చెప్పడం ఈ ఆటలో ఇంకెక్కడా లేదు.

డ్రాగన్ల పోరాటాలు మాత్రం కొంత విసిగిస్తాయి. మైదానంలో క్రిమ్సన్ డ్రెడ్ అనే డ్రాగన్‌ని రప్పించడానికి మెరుపు స్తంభాలు కూల్చాలి, అంతవరకు బాగుంది. దిగాక అది మీదికొచ్చేసరికి కెమెరా దాని కడుపు కింద ఇరుక్కుని, రాబోయే దెబ్బ వలయం రంగు కనిపించదు. ఎరుపైతే తప్పుకోవాలి, పసుపైతే సరైన క్షణంలో డాలు ఎత్తాలి, నీలమైతే ఎల్1 రెండుసార్లు కొట్టి ఆపాలి. రంగే కనపడకపోతే ఏం చేస్తాం? కాళ్ల దగ్గర నిలబడటం మాని, తలకు ఎదురుగా పక్కకి జరిగి ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఇంకో తలనొప్పి, పజిల్ ముందు నిలబడి రెండు క్షణాలు ఆలోచించకముందే పక్కవాళ్లు జవాబు చెప్పేయడం. ఫ్రేయా కూడా మినహాయింపు కాదు. 2024 సెప్టెంబర్ 19న వచ్చిన పీసీ వెర్షన్‌లో ఈ వాగుడు తగ్గించారు. అయితే పీసీలో 190 జీబీ ఎస్ఎస్‌డీ జాగా ఖాళీ చేసుకోవాలి. తెలుగు సబ్‌టైటిల్స్ ఎక్కడా లేవు. వెంట ఉండే మాట్లాడే తల మిమిర్ పడవలో చెప్పే కథలు వేగంగా ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ సైజు పెంచి పెట్టుకుంటే ఒడ్డు చేరేలోపు చదివేయొచ్చు.

లుండా పోగొట్టుకున్న కవచం వెతకడం పిడిగుద్దుల పోరు ఇష్టపడేవాళ్లకు లాభం. వానాహైమ్‌లో చెల్లాచెదురుగా ఉన్న ముక్కలు ఏరాలి. అందులో ఛాతీ కవచం విరిగి దొరుకుతుంది, అది లుండాకిస్తేనే బాగుచేసిస్తుంది. వేసుకుంటే ఉత్తచేతుల దెబ్బలతో విషం ఎక్కుతుంది. ఫ్రేయా సోనిక్‌తో కలిపితే ఇదే చాలా చవకైన, నమ్మదగిన సెట్.

క్రేటర్‌కి ఎప్పుడు వెళ్లాలన్నది ఒకటే మిగిలింది. చివరి యుద్ధాన్ని మొదలుపెట్టే గ్యాలర్‌హార్న్ కొమ్ము ఊదే ముందు ఆట ఆగి హెచ్చరిస్తుంది. ముగింపు తర్వాతా తిరగనిస్తుంది కాబట్టి అప్పుడు చూద్దాంలే అనిపిస్తుంది. వద్దు. హెచ్చరిక రాకముందే వెళ్లండి, ఫ్రేయర్ బతికుండగానే బిర్గిర్‌ని వెతికి పట్టుకోండి.