రాకాసి గుళ్ళ నక్షా కోసం: హనుమకొండ నుంచి దామరవాయి దాకా

ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో, రాకాసి గుళ్ళు అని పిలిచే పాత రాతి సమాధులున్న దామరవాయి వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే ఒక మాట. రామప్ప, లక్నవరం చూసి వస్తూ దారిలో ఒక గంట ఆగి చూసే చోటు కాదది. రోజంతా దానికే పెట్టుకోండి. మేము పోయిన డిసెంబరులో మూడు రోజులు తిరిగి ఒక రోజే దానికి ఇచ్చాం, సగం కూడా చూడలేకపోయాం.

నాతో వచ్చింది మా చిన్నమామ. సర్వే శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యాడు. నక్షా (మ్యాపు), టిప్పన్, సేత్వార్ లాంటి భూ సర్వే కాగితాల పేర్లు చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. 33 అడుగుల గొలుసు, దానికి 16 అణాలు, నాలుగు పక్కలా ఒక్కో గొలుసు వస్తే ఒక గుంట. ఈ లెక్క నాకు బడిలో ఎక్కాలు చెప్పకముందే మామ చెప్పాడు. దామరవాయి రాతి సమాధుల గురించి ఆయన సర్వీసులో ఉండగానే విన్నాడట. డ్యూటీ మీద అటు వెళ్ళే అవకాశం రాలేదు. "కాళ్ళు ఆడుతుండగనే ఒక్కసారి చూడాలె అల్లుడా" అని రెండేళ్ళుగా అంటున్నాడు.

కరీంనగర్ నుంచి బస్సులో హనుమకొండ చేరి, మొదటి రాత్రి బస్టాండుకు దగ్గర్లోని ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ ఆన్‌లైన్‌లో ఏసీ అని చూపించి, కౌంటర్ దగ్గర దానికి వేరేగా డబ్బులడిగారు. చలికాలం కాబట్టి ఏసీ వద్దన్నాం. వేడినీళ్ళు పొద్దున రెండు గంటలు మాత్రమే. రాత్రంతా బస్సుల హారన్లు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు నక్కలగుట్ట వైపు చూసుకుంటే నయం, ఆటోకు కొంచెం ఎక్కువైనా రాత్రి నిద్ర పడుతుంది.

ఆ సాయంత్రం వేయిస్తంభాల గుడి చూసుకుని, మామ ఎప్పటి నుంచో చెబుతున్న ఒక పాత క్రైస్తవ శ్మశానానికి వెళ్ళాం. యాత్ర మొత్తంలో నాకు ఎక్కువ గుర్తున్నది ఈ గంటే. పెద్ద జాగా ఏమీ కాదు. వేపచెట్లు, పాలరాతి పలకలు, సిమెంటు శిలువలు. కాపలా తాత మామను వెంటనే గుర్తుపట్టలేదు. హద్దుల తగాదా వచ్చినప్పుడు కొలవడానికి వచ్చిన సర్వేయరునని చెప్పాక, లోపలి గదిలోకి తీసుకెళ్ళి ఒక రేకు గొట్టంలోంచి నక్షా తీశాడు.

గుడ్డకు అతికించిన మందపాటి కాగితం. అంచులు చెదలు తిన్నాయి. ఒక్కో సమాధికి ఒక చిన్న గడి, గడిలో నంబరు. అసలు గీత నల్ల సిరాతో ఉంది. దాని మీద తర్వాత తర్వాత వచ్చినవాళ్ళు ఎర్ర సిరాతో రాసుకుంటూ పోయారు. ఈ పలక ఒరిగింది, ఫలానా నెలలో నిలబెట్టాం. ఇక్కడి చెట్టు పడిపోయింది. తూర్పు గోడ కూలింది, కట్టించాం. కనీసం మూడు చేతిరాతలు ఉన్నాయి, ఒకటి ఇంగ్లీషు, రెండు తెలుగు. మామ కళ్ళద్దాలు పైకి జరిపి, గోడ గీత మీద వేలు ఆనించాడు.

"ఇగో చూడు అల్లుడా. గోడ కూలిన తారీఖు ఉన్నది, కట్టిన తారీఖు ఉన్నది. గిట్ల రాసుకుంటనే మళ్ళొచ్చినోనికి ఎరుకైతది."

తాతను ఫోటో తీసుకోనిమ్మని అడిగితే వద్దన్నాడు. కుటుంబాల పేర్లున్నాయి కదా, ఆయన చెప్పింది సబబే. బయటికొచ్చి ఆ ఎర్ర రాతల్లో ఒకటి నిజమో కాదో చూశాం. చెట్టు పడిందని రాసిన గడి దగ్గర ఖాళీ ఉంది, నేలలో పాత మొద్దు చివర కొంచెం కనిపిస్తోంది. ఆ చిన్న శ్మశానం అంత పొందికగా నిలిచి ఉండడానికి ఆ కాగితమే కారణమని నాకు గట్టిగా అనిపించింది.

రెండో రోజు కారు మాట్లాడుకున్నాం. హనుమకొండలోనే ఒక డ్రైవరు రెండు రోజులకు ఏడు వేలకు ఒప్పుకున్నాడు, డీజిల్ అందులోనే. 163 నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాకా రోడ్డు బాగుంది. రామప్ప గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. 1213 నాటి శాసనం, రేచర్ల రుద్రుడి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు. సదుపాయాల మాట అంటారా, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, బోర్డులు చదవగలిగేలా ఉన్నాయి. పొద్దున తొమ్మిది లోపు వెళితే ఆ నల్లరాయి మదనికలను, అంటే నాట్యకత్తెల శిల్పాలను, ప్రశాంతంగా చూడొచ్చు. లక్నవరంలో వేలాడే వంతెన దాకా వెళ్ళి, భోజనం చేసి వచ్చేశాం. అక్కడి కాటేజీలు పిల్లలున్న కుటుంబాలకు బాగుంటాయి. మా పనికి మాత్రం తాడ్వాయిలో ఉండడమే సరైంది, పొద్దున్నే కొండెక్కడానికి వీలవుతుంది.

తాడ్వాయిలో అడవి పక్కన హట్స్ ఉన్నాయి. మంచం, బాత్రూము, అవసరమైనవే ఉంటాయి. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రాత్రి భోజనం ముందే చెప్పాలి. చెప్పని వాళ్ళు రోడ్డు మీది హోటల్ మూసేలోపు తిని రావాలి. వేడి అన్నం, పప్పు, కోడిగుడ్డు పులుసు పెట్టారు, ఆ చలికి ఎంతో హాయి అనిపించింది. మేము వెళ్ళినప్పుడు మేడారం జాతర పనులు నడుస్తున్నాయి. జాతర రోజుల్లో, దాని ముందు రెండు మూడు వారాల్లో ఈ వైపు గది కోసం చూడకండి.

తాడ్వాయి అడవిలో కొంత దూరం పోతే 2024 ఆగస్టు 31న సుడిగాలి పడగొట్టిన చోటు వస్తుంది. వేల చెట్లు ఒక్కసారి వేళ్ళతో సహా పడిపోయిన సంగతి అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అదే ఏడు డిసెంబరు 4న పొద్దున్నే ములుగు జిల్లా కేంద్రంగా భూమి కంపించింది, తీవ్రత 5.3. కరీంనగర్‌లో మా ఇంట్లో కూడా గిన్నెలు కదిలాయి. మూడు నెలల్లో గాలి, భూకంపం రెండూ చూసిన నేల ఇది. ఆ కొండ మీద వేల ఏళ్ళ నుంచి రాయి మీద రాయి ఆనుకుని నిలబడ్డ సమాధులున్నాయి. మామకు టెన్షన్ దాని గురించే.

మూడో రోజు ఫారెస్టు వాళ్ళకు చెప్పి, ఊళ్ళోంచి ఒక కోయ కుర్రాణ్ణి దారి చూపించడానికి తోడు తీసుకున్నాం. రోజుకు ఆరువందలు అడిగాడు, ఎనిమిది వందలిచ్చాం. ఇంత తక్కువకు ఇంత బాగా పనిచేసిన మనిషి ఈ యాత్రలో ఇంకొకరు లేరు. దారిలో నీళ్ళు దొరకవు, మనిషికి రెండు లీటర్లు పట్టుకెళ్ళండి. బూట్లు తప్పనిసరి. మామకు ఒక కర్ర కొట్టి ఇచ్చాడు ఆ అబ్బాయి.

కొండ మీదికి చేరగానే ముందు ఒకటి కనిపించింది. పక్కలకు నిలువుగా పాతిన ఇసుకరాతి పలకలు, వాటి మీద పెద్ద కప్పు పలక, చూరులాగా నాలుగు వైపులా ముందుకొచ్చి ఉంది. లోపలికి వంగి చూస్తే ఒకే రాయిని తొలిచిన తొట్టి. చనిపోయినవాళ్ళ ఎముకలు పెట్టింది అందులోనే. కళ్ళు అలవాటు పడ్డాక చెట్ల మధ్య ఇంకొకటి, దాని వెనక నాలుగు, ఆ పక్కన పది. వందల్లో ఉన్నాయి. డోల్మెన్లు అంటారు వీటిని, ఊరివాళ్ళకు రాకాసి గుళ్ళు. ఇనుపయుగం నాటి ఇంత పెద్ద శ్మశానం మన జిల్లాల్లో ఉందని బడి పుస్తకాల్లో నేను చదువుకోలేదు.

చదవాల్సినవాళ్ళకు మాత్రం ఎప్పుడో తెలుసు. ముల్హెరాన్ అనే సర్వే అధికారి ఈ గోదావరి అడవుల్లో మ్యాపులు గీస్తూ తిరుగుతూ ఈ గుళ్ళను చూసి 1868లో రాశాడు. ఇదే తాడ్వాయి మండలంలోని కాటాపూర్ సమాధుల బొమ్మ 1872లో లండన్‌లో, పాత కట్టడాల చరిత్ర రాసిన ఫెర్గూసన్ వేసిన పుస్తకంలో అచ్చయింది. 1911, 1915 మధ్య హైదరాబాద్ నగరాన్ని గల్లీ గల్లీ కొలిపించిన లియోనార్డ్ మన్ కూడా నిజాం రాజ్యంలోని పాత గనుల మీద, ఇలాంటి సమాధుల మీద రాసిన మనిషే. "సూడు, అందరు సర్వేయర్లే" అని మామ గర్వంగా అన్నాడు. ఆ గర్వం నాకు నచ్చింది.

మా దగ్గరున్న టోపోషీటు, అంటే కొండలు వాగులు చూపే సర్వే మ్యాపు, 65 బి నంబరు ఖండంలోది, ఇంచుకు మైలు లెక్కన గీసింది. అందులో కొండ వాలు ఉంది, వాగు ఉంది, అడవి హద్దు ఉంది. సమాధుల గుర్తు ఒక్కటీ లేదు. ఊరి నక్షాలో ఉంటుందేమోనని బయల్దేరే ముందు ఒక ఆఫీసులో మూడుసార్లు అడిగాం. మొదటిసారి రేపు రమ్మన్నారు, రెండోసారి మనిషి లేడన్నారు, మూడోసారి అడవి భూమికి గుంటల లెక్క ఉండదన్నారు. చివరిది నిజమే అయినా, ఆ మాట మొదటిరోజే చెప్పి ఉంటే రెండు ప్రయాణాలు మిగిలేవి.

అందుకే మామ తన టేపు, దిక్సూచి, గీసుకునే పలక, చార్టు కాగితం తెచ్చుకున్నాడు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టు దాకా తిన్నటి గీత (బేస్‌లైన్) పట్టి, దాని నుంచి అటూ ఇటూ ఒక్కో గుడి ఎంత దూరమో (ఆఫ్‌సెట్) కొలుస్తూ పోయాం. నేను టేపు, కుర్రాడు రెండో కొస, మామ కాగితం. రాయి మీద సుద్దగీత కూడా పెట్టొద్దని మామ ముందే చెప్పాడు. నంబరు కాగితం మీదే ఉండాలి. ఒక్కోదానికి నాలుగు విషయాలు రాశాం: ముఖం ఏ దిక్కుకు ఉంది, కప్పు పలక స్థానంలో ఉందా జారిందా, తొట్టి ఉందా పగిలిందా, వేరు దూరిందా తవ్వకం జరిగిందా.

తవ్వకాలే మనసును ఎక్కువ బాధపెట్టాయి. బంగారం ఉంటుందన్న ఆశతో తొట్లు పగలగొట్టారు. ఎముకలు పెట్టుకున్న చోట బంగారం ఏముంటుంది? ఒక గుడి కప్పు పలక రెండు ముక్కలై కింద పడి ఉంది. విరిగిన అంచు ఇంకా తెల్లగా, కొత్తగా కనిపిస్తోంది. భూకంపానికి విరిగిందా, మనుషులు విరిచారా, చెట్టు పడి విరిగిందా అని మామ కుర్రాణ్ణి అడిగాడు.

"గీ పక్కకు నేను ఎక్కువ రాలే సారూ. ముందు ఎట్లుండెనో ఎట్ల చెప్పాలె?"

మామ చాలాసేపు ఆ రాయి దగ్గరే కూర్చున్నాడు. హనుమకొండ శ్మశానంలో ఒక పలక ఒరిగితే పాత నక్షా ఉంది కాబట్టి ఎప్పుడు ఒరిగిందో తెలుస్తోంది. ఇక్కడ పోల్చి చూడడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఆ రాళ్ళను పరిశోధకులు ఏళ్ళ తరబడి లెక్కపెట్టి, కొలిచి, ఏది ఎక్కడుందో గుర్తించాకే అది సాధ్యమైంది. దామరవాయికి కూడా పురావస్తు శాఖ ప్రతి రాయికీ నంబరుతో ఒక నక్షా గీయించాలి, ఊళ్ళోనే ఇద్దరికి దాని మీద రాయడం నేర్పించాలి. కంచె కంటే ముందు ఆ కాగితం కావాలని నా నమ్మకం.

సాయంత్రం నాలుగున్నరకు దిగడం మొదలుపెట్టాం. అప్పటికి 34 గుళ్ళు కాగితం మీదికొచ్చాయి. చీకటి పడితే ఎలుగుబంట్ల భయం ఉంటుందని కుర్రాడు తొందరపెట్టాడు, ఆ మాట వినడం మంచిది. తాడ్వాయిలో జిరాక్స్ తీయించి ఒక కాపీ ఫారెస్టు వాళ్ళకు, ఒకటి కుర్రాడికి ఇచ్చాం. నంబర్లు ఎలా చదవాలో మామ హోటల్ బల్ల మీద పరిచి అరగంట చెప్పాడు. అసలుది గొట్టంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు.

ఇంటికొచ్చిన పన్నెండో రోజు కుర్రాడు ఫోన్ చేశాడు.

"సారూ, పద్దెనిమిదో నంబరు పక్కపొంటి కొత్త మట్టి లేచింది. ఎవడో తవ్విండు. నిన్న లేకుండె. ఫారెస్టోళ్ళకు చెప్పిన, నంబరు గూడ చెప్పిన."

మామ తారీఖు అడిగి, నన్ను ఎర్ర సిరా పెన్ను తెమ్మన్నాడు.